ఒకటో తరగతి గదిలో ఏం జరగాలి? పశ్చిమ ప్రకాశం నేపథ్యంలో ఒక సమీక్ష

ఒకటో తరగతి ఐదారేళ్ల పిల్లను ఇంటి మాట నుంచి పుస్తకం మాటకు తెచ్చే ఏడాది. ఆట నుంచి వేళాపాళా ఉన్న పనికి, నోటి ధ్వనికి చేతి గుర్తు ఒకటి ఉంటుందన్న ఎరుకకు వచ్చేదీ అప్పుడే. ఆ గదిలో ఏ పని ముందు, ఏ పని తరువాత అన్న విషయంపై తెలుగునాట దాదాపు రెండు వందల ఏళ్లుగా వాదం నడుస్తోంది. అక్షరాలతో మొదలుపెట్టాలా, పదాలతోనా? పలక పట్టించాలా, ఆడించాలా? తెలుగులో చెప్పాలా, ఇంగ్లీషులోనా? ఒక్కో ప్రశ్నకు ఒక్కో కాలంలో ఒక్కో జవాబు ప్రభుత్వ విధానంగా మారింది. పాత జవాబులు పూర్తిగా పోకముందే కొత్తవి వచ్చి చేరడంతో ఇప్పుడు ఒకే గదిలో నాలుగు కాలాల పద్ధతులు కలిసి కనిపిస్తాయి.

ఈ వాదాలన్నీ పరీక్షకు నిలిచే చోట్లలో ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి భాగం ఒకటి. మార్కాపురం, గిద్దలూరు, కంభం, బేస్తవారిపేట, రాచర్ల, కొమరోలు, అర్ధవీడు, తర్లుపాడు, పెద్దారవీడు, దోర్నాల, యర్రగొండపాలెం, పుల్లలచెరువు, త్రిపురాంతకం మండలాలు ఇందులోకి వస్తాయి. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పేరు పెట్టారు. ఒకవైపు నల్లమల అడవి, మరోవైపు వానను నమ్ముకున్న మెట్ట సాగు. ఊళ్లతో పాటు చెంచు గూడేలు, సుగాలి తండాలు, పట్టణాల్లో ఉర్దూ మాట్లాడే వాడలు. పని దొరకని నెలల్లో కుటుంబాలు వలస పోతాయి. శిక్షణ పుస్తకాలు ఊహించుకునే ఒకటో తరగతిలో పిల్లలందరిదీ ఒకే వయసు, ఒకే భాష, వాళ్లకో ప్రత్యేక టీచరు, రోజూ హాజరు. ఇక్కడి బడుల్లో ఈ నాలుగూ ఒకేచోట కుదిరే సందర్భాలు తక్కువ.

అయ్యవారి బడి నుంచి పాఠ్యప్రణాళిక దాకా

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ బడుల వివరాలు పంపమని జిల్లా కలెక్టర్లను అడిగాడు. వచ్చిన నివేదికల్లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపినది తరగతి గది లోపలి సంగతులను అన్నిటికన్నా వివరంగా చెబుతుంది. నాటి బళ్లారి జిల్లాలో 533 బడులు, ఆరు వేల పైచిలుకు పిల్లలు, వారిలో ఆడపిల్లలు 60 మంది మాత్రమే. బళ్లారి మాదిరిగానే కంభం, మార్కాపురం సీమ కూడా నిజాం ఇంగ్లీషువారికి వదిలిన దత్త మండలాల్లోది. కాబట్టి ఆ నివేదిక గీసిన బొమ్మ ఈ ప్రాంతానికీ చాలా దగ్గరగా ఉంటుందని అనుకోవచ్చు.

ఆ బడిలో అక్షరం ముందు వేలికి వచ్చేది. పిల్లవాడు ఇసుకలో వేలితో రాస్తూ అక్షరాలు నేర్చేవాడు. చేయి తిరిగాక తాటాకు మీద గంటంతోనో, నల్లని కడితం మీద బలపంతోనో రాయనిచ్చేవారు. ముందు నేర్చిన పిల్లలే వెనక వచ్చినవారికి చెప్పేవారు. పొద్దున్నే మొదట వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు, రెండోవాడి చేతిలో సున్న. మూడోవాడి నుంచి దెబ్బలు మొదలై వరసగా ఒక్కొక్కటి పెరిగేవి. తక్కువ ఖర్చుతో పిల్లల చేత పిల్లలకు చెప్పించే ఏర్పాటును క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు. మాట్లాడే భాషకు దూరమైన పద్యాలను అర్థం తెలియకుండా వల్లె వేయించడాన్ని తప్పుపట్టాడు. అప్పటికే మద్రాసులో ఆండ్రూ బెల్ ఈ ఏర్పాటును చూసి అనాథ బాలుర ఆశ్రమంలో అమలుచేసి, 1797లో దానిపై పుస్తకం అచ్చువేయించాడు. ఇంగ్లండులో అది మద్రాసు పద్ధతిగా పేరు పొందింది. పిల్లలు పిల్లలకు నేర్పడం, అర్థం లేని వల్లెవేత అనే రెండు అంశాలూ ఆ తరువాతి వాదాలన్నిటిలోనూ తిరిగి తిరిగి వస్తాయి.

19వ శతాబ్దంలో పెద్దబాలశిక్ష అచ్చయింది. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు, చిన్న మాటలు, పెద్ద మాటలు, నీతివాక్యాలు, లెక్కలు అనే క్రమాన్ని అది స్థిరపరచింది. తరువాతి వాచకాలు ఆ క్రమాన్ని ఎంత విమర్శించినా ఇళ్లలో అదే నిలిచింది. 20వ శతాబ్దం మొదట్లో గిడుగు రామమూర్తి వ్యవహార భాష కోసం చేసిన పోరాటం పై తరగతుల వాచకాల చుట్టూ తిరిగినా, పిల్లవాడి నోటి మాట బడిలోకి రావచ్చా అన్న మూలప్రశ్న ఒకటో తరగతికే ఎక్కువగా వర్తిస్తుంది. 1937 వార్ధా ప్రణాళిక చేతిపనిని చదువుకు కేంద్రం చేసింది. 1939లో మరియా మాంటిస్సోరీ మద్రాసు అడయారులో టీచర్లకు శిక్షణ ఇచ్చింది. ఈ రెండూ పల్లె బడులను పెద్దగా మార్చలేదుగానీ, చేసి నేర్చుకోవడమన్న ఆలోచనను శిక్షణ సంస్థల్లో నాటాయి.

స్వాతంత్ర్యం తరువాత చాలాకాలం బడులు పెట్టడమే పని అయింది. 1986 జాతీయ విద్యా విధానం వెంట వచ్చిన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు ప్రతి బడికి కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, బోధన సామగ్రి ఉండాలంది. గదిలోపల ఏం జరగాలన్న ప్రశ్నను ఆంధ్రప్రదేశ్‌లో పెద్దఎత్తున ముందుకు తెచ్చింది బ్రిటిష్ సహాయంతో 1980ల నడుమ ప్రయోగంగా మొదలై, 1989 నుంచి రాష్ట్రమంతా విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. టీచర్లు దాన్ని ‘అపెప్’ అనే పిలిచేవారు.

మార్కాపురం పలక

ఒకటో తరగతి చరిత్రలో మార్కాపురానికి ప్రత్యేకమైన చోటుంది. నల్లమల పాదాల వద్ద పొరలు పొరలుగా చీలే నల్లరాయి ఇక్కడ దొరుకుతుంది. కంభం పేరుతోనే పిలిచే రాతిపొరల సముదాయంలోనిది ఆ రాయి. గనుల్లో రాయిని తీసి, పలుచగా చీల్చి, కోసి, నునుపు చేసి, చెక్క చట్రం బిగిస్తే బడి పలక. దశాబ్దాల పాటు దేశంలోని అనేక రాష్ట్రాల పిల్లలు తొలి అక్షరం దిద్దిన పలకల్లో ఎక్కువ భాగం ఇక్కడివే. రేకు పలకలు, ప్లాస్టిక్ పలకలు, చవక నోటుపుస్తకాలు వచ్చాక బడి పలకకు గిరాకీ పడిపోయింది. ఇళ్ల గోడలకు, నేలకు వేసే రంగురాళ్ల ఎగుమతి వైపు పరిశ్రమ మళ్లింది.

ఈ పరిశ్రమకు మరో ముఖం ఉంది. 1988లో కేంద్ర ప్రభుత్వం జాతీయ బాలకార్మిక పథకాన్ని మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న తొలి చోట్లలో పలకల పరిశ్రమ కారణంగా మార్కాపురం ఒకటి. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజు, మందసౌర్ పలకల పరిశ్రమలున్న జాబితా అది. దేశానికి పలకలు పంపిన ఊళ్లో పలక పట్టాల్సిన వయసు పిల్లలు రాతిధూళిలో పనిచేశారు. పనిలోంచి తప్పించిన పిల్లల కోసం ఆ పథకం కింద ప్రత్యేక బడులు నడిచాయి. ఎనిమిదేళ్లు, పదేళ్లు దాటి మొదటిసారి బడికి వచ్చిన పిల్లకు ఒకటో తరగతి వాచకం పనికిరాదన్న సంగతి ఆ బడులే తేటతెల్లం చేశాయి.

బోధన సాధనంగా పలక విలువ మీద భిన్నాభిప్రాయాలున్నాయి. తెలుగు అక్షరాలు గుండ్రనివి. తలకట్టు, కొమ్ము, గుడి, ఏత్వం తిప్పడానికి చిన్న వేళ్లకు చోటు కావాలి, చెరిపే స్వేచ్ఛ కావాలి. ఈ రెండూ పలకలో ఉన్నాయి. తప్పు మిగిలిపోదు కాబట్టి పిల్లకు భయం తక్కువ. కానీ చెరిపేస్తే పోతుంది. నిన్న ఏం రాసిందో, నెల కిందట ఏం రాసిందో టీచరుకు, తల్లికి చూపే ఆధారం మిగలదు. వర్క్‌బుక్కులు ఆ లోటు తీరుస్తాయిగానీ చుక్కలు కలపడం, ఖాళీలు నింపడం దాటి పిల్లల చేత సొంతంగా ఏమీ రాయించకపోతే అవీ కాపీరాతే. మొదటి మూడు నాలుగు నెలలు పలక, ఆపైన కాగితం అన్నది అనుభవజ్ఞులైన టీచర్ల అలవాటు.

అక్షరమా, పదమా?

వాదాలన్నిటిలో పాతది, వేడి తగ్గనిది ఇదే. ఇందులో మూడు పక్షాలున్నాయి.

మొదటిది అక్షర పద్ధతి. వర్ణమాల, గుణింతాలు, ఒత్తులు, ఆ తరువాతే మాటలు. దీని బలం క్రమం. తల్లిదండ్రులకు అర్థమయ్యే పద్ధతి కూడా ఇదే. పిల్లకు ‘ఎంతవరకు వచ్చాయి’ అని అడిగితే ‘గుణింతాల దాకా’ అన్న జవాబు ఊళ్లో అందరికీ బోధపడుతుంది. దీని బలహీనత కాలం. యాభై ఆరు అక్షరాలు, ఒక్కో హల్లుకు గుణింత రూపాలు, వాటిపై ఒత్తులు కలిపితే పిల్ల గుర్తుపట్టాల్సిన రూపాలు వందల్లోకి పోతాయి. ద, ధ, థ ఒకలాగే కనిపిస్తాయి. ప, ఫ, ష కూడా అంతే. అన్నీ వచ్చాకే మాట అంటే, ఏడాదంతా అర్థమున్న మాట ఒక్కటీ చదవని పిల్లలు మిగులుతారు. ఌ, ఙ లాంటివి నేర్చి ‘అన్నం’ చదవలేని స్థితి ఈ పద్ధతి తెచ్చిపెట్టిందే.

రెండోది పద పద్ధతి. బొమ్మ చూపి, దాని గురించి మాట్లాడించి, ‘తల’, ‘వల’, ‘పలక’ లాంటి మాటను మొత్తంగా చూపి, అందులోంచి అక్షరాలను విడదీయాలంటుంది. పాట, కథ, వాక్యం నుంచి మొదలుపెట్టాలనే వాక్య పద్ధతి దీనికి కొనసాగింపు. 2005 జాతీయ విద్యా ప్రణాళిక చట్రం, దాని వెంట రాష్ట్రం తయారుచేసుకున్న 2011 చట్రం ఈ వైపు మొగ్గాయి. అర్థంతో మొదలుపెట్టడం దీని బలం. టీచరు పదాన్ని చూపి అక్షరాల దాకా విడదీయకుండా వదిలేస్తే, పిల్ల బొమ్మను చూసి మాట చెబుతుందే తప్ప చదవదు. బొమ్మ మూసేస్తే నోరు మూతపడుతుంది. ‘పుస్తకం మారాక అక్షరాలు రావడం మానేశాయి’ అన్న ఫిర్యాదు టీచర్ల సమావేశాల్లో వినిపించింది ఇందుకే.

మూడోది స్థాయి పద్ధతి. పిల్ల ఏ తరగతిలో ఉందన్నది వదిలేసి, అక్షరం దగ్గర ఉందా, పదం దగ్గరా, వాక్యం దగ్గరా అని చూసి గుంపులు చేయాలన్నది దీని సూత్రం. ప్రథమ్ సంస్థ 2005 నుంచి దేశమంతా చేస్తున్న అసర్ సర్వేలో ఒక్క కాగితంతో చదువు పరీక్షించే తీరు దీనికి ప్రచారం తెచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో అదే దశాబ్దంలో నడిచిన క్లిప్, క్లాప్స్ కార్యక్రమాలూ పిల్లల స్థాయిని కొలిచి పని చేయించే దారినే పట్టాయి. వెనకబడినవారికి ఇది మందు. అయితే ఒకటో తరగతి పిల్లలంతా సున్నా దగ్గరే మొదలవుతారు కాబట్టి అక్కడ ఎలా మొదలుపెట్టాలో ఇది చెప్పదు.

ఈ పోరులో కొంత భాగం అరువు తెచ్చుకున్నది. ఇంగ్లీషులో రాత ఒకటి, పలుకు మరొకటి. అందుకే అక్కడ పదాన్ని మొత్తంగా గుర్తుపట్టించే పద్ధతికి ఆదరణ వచ్చింది. జీన్ చాల్ 1967లో రాసిన సమీక్షా గ్రంథం, 2000లో అమెరికా జాతీయ సంఘం ఇచ్చిన నివేదిక ధ్వనికీ అక్షరానికీ ఉన్న లంకెను క్రమంగా నేర్పడమే మేలన్నాయి. తెలుగులో రాసినట్టే పలుకుతాం. ఇంగ్లీషు చిక్కు ఇక్కడ లేదు. ఇక్కడి చిక్కు రూపాల సంఖ్య. తెలుగు లిపికి అతి దగ్గరిదైన కన్నడ లిపి మీద సోనాలి నాగ్ చేసిన పరిశోధనలో అక్షర రూపాలన్నిటి మీద పట్టు రావడానికి పిల్లలకు నాలుగో తరగతి దాకా పడుతోందని తేలింది. ఒకటో తరగతిలోనే ఒత్తులన్నీ పూర్తవ్వాలన్న ఒత్తిడి లిపి స్వభావానికే విరుద్ధమని దీని అర్థం. కర్నాటక, మహారాష్ట్రల్లో శైలజా మేనన్ బృందం తరగతి గదులను ఏళ్ల తరబడి గమనించి 2017లో వెలువరించిన అధ్యయనం మరో వైపు చూపింది. అక్షరాలు నేర్పడంలోనే పొద్దంతా పోయి, మాట్లాడటం, కథ వినడం, సొంతంగా రాయడం అనే పనులకు చోటే లేకుండా పోతోందని అది చెప్పింది.

రెంటినీ కలిపి చూస్తే ఈ వాదం చాలావరకు తీరిపోయినట్టే. వాడుకలో ఎక్కువగా వచ్చే అక్షరాలను చిన్న గుంపులుగా తీసుకుని, ఆ గుంపుతోనే మాటలు కట్టిస్తూ క్రమంగా నేర్పడం ఒక పాయ. రోజూ కథ, పాట, కబుర్లు, బొమ్మ గీసి దాని గురించి చెప్పడం రెండో పాయ. 2022లో వచ్చిన పునాది దశ జాతీయ ప్రణాళిక చట్రం కూడా ఈ రెండింటినీ ప్రతిరోజూ నడపమంటోంది. ఇక పక్షాల పేరుతో పోట్లాడుకోవడంలో పస లేదు.

ఆటా, పనా?

అపెప్ ఆరు సూత్రాలు పెట్టింది: టీచరే అభ్యాస కృత్యాలు తయారుచేయడం, చేసి, వెతికి, ప్రయోగించి నేర్చుకోవడం, ఒంటరిగా, గుంపుగా, తరగతి మొత్తంగా పనిచేయడం, పిల్లల తేడాలను పట్టించుకోవడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం, పిల్లలు చేసినవి గదిలో ప్రదర్శించి ఆకర్షణీయంగా ఉంచడం. ఈ సూత్రాల కోసం టీచర్ల కేంద్రాలు ఏర్పడ్డాయి. ఆ తరం టీచర్లు ఇవాళ్టికీ ఆరు సూత్రాలను వరసగా అప్పజెప్పగలరు. వల్లెవేతకు వ్యతిరేకంగా వచ్చిన పథకం తానే వల్లెవేతగా మిగిలిన సందర్భాలూ ఉన్నాయన్నమాట. ఆరింటిలో తేలికైన చివరిది, అంటే గోడలకు బొమ్మలు, తాళ్లకు చార్టులు, అన్నిచోట్లా అమలైంది. కష్టమైన నాలుగోది, పిల్లల తేడాలను పట్టించుకోవడం, చాలాచోట్ల కాగితం దాటలేదు.

ఆ నాలుగో సూత్రానికి రూపం ఇచ్చింది ప్రభుత్వ పథకం కాదు, మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ. అక్కడి గ్రామీణ విద్యా కేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల ఒకే టీచరున్న చిన్న బడుల కోసం చదువును చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, మెట్లుగా అమర్చారు. పిల్ల తన మెట్టు తానే చూసుకుని కార్డు తీసుకుంటుంది. కొన్ని పనులు టీచరుతో, కొన్ని తోటివారితో, కొన్ని ఒంటరిగా. వారం రోజులు రాకపోయినా తిరిగి వచ్చాక వదిలిన మెట్టు నుంచే మొదలు. 1990లలో కర్నాటకలో ‘నలి-కలి’, ఆ తరువాతి దశాబ్దంలో తమిళనాడులో కృత్యాధార విధానం దీన్నుంచే పుట్టాయి. సొంత రాష్ట్రంలో మాత్రం ఇది ఆ స్థాయిలో రాష్ట్రమంతటి పద్ధతి కాలేదు. కార్డులు పోతే, చిరిగితే కొత్తవి రాకపోవడం, టీచరు పిల్లలకు చెప్పడం మాని కార్డులకు కాపలాదారు కావడం, కథల్లాంటి అందరూ కలిసి చేసే పనులు తగ్గిపోవడం దీనిపై వచ్చిన విమర్శలు.

ఆట విషయంలో తల్లిదండ్రుల అనుమానం వేరు. ప్రైవేటు బడిలో ఎల్‌కేజీ పిల్ల నోటుపుస్తకం నింపుకొస్తుంటే, సర్కారు బడిలో ఒకటో తరగతి పిల్ల మట్టితో బొమ్మలు చేసిందంటే వాళ్లకు నమ్మకం కుదరదు. 2021లో కేంద్రం తెచ్చిన ‘విద్యాప్రవేశ్’ ఒకటో తరగతి మొదట్లో మూడు నెలలు ఆటలతోనే సన్నద్ధం చేయమంటుంది. అంగన్‌వాడీలో కథలు, పాటలు నడిచిన చోట ఈ మూడు నెలలు కొంత అదనమే. పోషకాహారం పంచడంతోనే అంగన్‌వాడీ పొద్దు గడిచిన చోట అవి తప్పనిసరి. కాబట్టి ఎన్ని వారాలు ఆడించాలన్నది రాష్ట్రమంతటికీ ఒకే ఉత్తర్వుగా ఉండటం కన్నా, పిల్లలు ఏ గడప దాటి వచ్చారో చూసి టీచరు తేల్చుకోవడం మంచిది.

పశ్చిమ ప్రకాశంలో కృత్యాలకు కావలసిన సామగ్రి కొనే పని లేదు. చింతపిక్కలు, గవ్వలు, ఈనెపుల్లలు, పలకరాయి ముక్కలు, కానుగ కాయలు చేతికి అందుతాయి. చింతపిక్కలతో లెక్కించడం, పది పుల్లల కట్ట కట్టి పదులు, ఒకట్లు వేరుచేయడం, వామనగుంటల్లో ఒక్కొక్కటి వేసుకుంటూ పోవడం, అష్టాచెమ్మాలో పడిన పందెం మేరకు గడులు దాటడం, ఇవన్నీ ఒకటో తరగతి గణితమే. తెలుగులో ఇరవై తరువాత అంకెల పేర్లు పదులను, ఒకట్లను విడివిడిగా పలుకుతాయి. స్థానవిలువ చెప్పడానికి ఇది మంచి ఆసరా. పదకొండు నుంచి పంతొమ్మిది దాకా ఉన్న పేర్లే పిల్లలను తడబెడతాయి, అక్కడే పుల్లల కట్ట ఎక్కువగా పనికొస్తుంది. ఎక్కాల వల్లెవేతను ఈ దశలో తొందరపెట్టకూడదన్న విషయంలో ఇప్పుడు ఏ పక్షానికీ పేచీ లేదు. గణితం మీద వాదాలు చదువు మీద ఉన్నంత లేకపోవడానికి అదొక కారణం.

ఏ భాషలో?

ఈ వాదం బడి దాటి కోర్టుల దాకా వెళ్లింది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షను వీలైనంతవరకు మాతృభాషలో బోధించాలంటుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో జీవో 85 ద్వారా 2020-21 నుంచి ఒకటి నుంచి ఆరు తరగతులకు ఇంగ్లీషు మీడియం తప్పనిసరి చేసింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు దాన్ని కొట్టేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ తరువాత ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా ద్విభాషా పుస్తకాలు వచ్చాయి.

ఇంగ్లీషు కోరేవారి వాదంలో సామాజిక న్యాయం ముఖ్యం. డబ్బున్నవారి పిల్లలకు అందేది పేదల పిల్లలకు ఎందుకు అందకూడదన్నది సూటి ప్రశ్న. తల్లిదండ్రుల మొగ్గు కూడా అటే. తెలుగు కోరేవారు పిల్ల మనసులో ఆలోచన నడిచే భాషలోనే చదవడం రావాలంటారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్‌లు 2008 నుంచి ఉమ్మడి రాష్ట్రంలోని ఐదు జిల్లాల్లో చేసిన పెద్ద ప్రయోగం ఇక్కడ పనికొస్తుంది. లాటరీలో ఎంపికైన పిల్లలకు ప్రైవేటు బడి ఖర్చు భరించారు. నాలుగేళ్ల తరువాత చూస్తే తెలుగు, గణితాల్లో వారికీ సర్కారు బడి పిల్లలకూ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు ముందున్నారు. ప్రైవేటు బడుల్లో ఒక్కో పిల్ల మీద అయ్యే ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కన్నా తక్కువని కూడా తేలింది. తెలుగు మీడియంలో చదివే పిల్లవాడు ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడికి మారితే మొదట్లో నష్టమేనన్న సూచన కూడా ఆ వివరాల్లో ఉంది. ఇరుపక్షాలూ ఈ అధ్యయనంలో తమకు కావలసిన సగమే చెబుతాయి.

పశ్చిమ ప్రకాశంలో అసలు ప్రశ్న ఈ రెండు భాషలతో ముగియదు. తండా పిల్ల ఇంట్లో లంబాడీ మాట్లాడుతుంది. మార్కాపురం, కంభం వాడల్లో ఎందరో పిల్లల ఇంటి భాష ఉర్దూ. చెంచు పిల్లల తెలుగు వాచకం తెలుగుకు దూరం. వీరికి తెలుగు మీడియం కూడా కొంతమేరకు పరాయి మీడియమే. 2004లో రాష్ట్రం సవర, కోయ, గోండి, కొలామి, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా భాషల్లో ఒకటో తరగతి నుంచి బహుభాషా బోధన మొదలుపెట్టింది. ఆ ప్రయత్నం ఎక్కువగా ఏజెన్సీ ప్రాంతాల్లో నడిచింది. నల్లమల అంచు తండాలు ఆ చర్చలో కనబడవు. తెలుగా ఇంగ్లీషా అని తేల్చేలోపు, మొదటి ఆరు నెలలు ఇంటి మాటలో జవాబు చెప్పినా ఒప్పుకునే తరగతి కావాలి. దీనికి జీవో అక్కర్లేదు. ఆ మాట కొంతైనా తెలిసిన టీచరో, సహాయకురాలో ఉంటే చాలు.

ఒకే గది, అనేక తరగతులు

విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో ముప్పై మందికి ఒక టీచరు ఉండాలి. నిష్పత్తి సరిపోయిన చిన్న బడిలోనూ ఒకరిద్దరు టీచర్లే ఐదు తరగతులు చూస్తారు. మూడు, నాలుగు, ఐదు తరగతులకు పాఠం చెబుతుంటే ఒకటో తరగతికి ‘రాసుకోండి’ అన్న మాట మిగులుతుంది. ఎక్కువ ఆదరణ కావలసిన తరగతికి తక్కువ సమయం దక్కుతుందన్నమాట.

దీనికి రెండు పరిష్కారాలు పోటీపడ్డాయి. 2022లో జీవో 117 కింద మూడు నుంచి ఐదు తరగతులను దగ్గర్లోని హైస్కూళ్లకు తరలించి, ఒకటి, రెండు తరగతులను అంగన్‌వాడీ పిల్లలతో కలిపి ఫౌండేషన్ బడులుగా చేశారు. టీచరు చూపు చిన్నపిల్లల మీదే నిలుస్తుందన్నది దీని వెనక వాదన. పెద్దపిల్లలు దూరం నడవాల్సి రావడం, ఊరి బడి ఖాళీ కావడం, తమ్ముణ్ణి బడికి చేయిపట్టి తెచ్చే అక్క లేకపోవడం దీనిపై అభ్యంతరాలు. 2025లో ఆ ఏర్పాటును రద్దుచేసి, పిల్లల సంఖ్య తగినంత ఉన్నచోట తరగతికో టీచరు చొప్పున మోడల్ ప్రైమరీ బడులు తెచ్చారు. ఆ సంఖ్య లేనిచోట బేసిక్ ప్రైమరీ, ఫౌండేషన్ బడులు కొనసాగుతాయి. సంఖ్యే కొలత అయితే అడవి అంచు గూడేలు, చిన్న తండాలు ఎప్పుడూ రెండో జాబితాలోనే మిగులుతాయి. ఆ బడులకు పనికొచ్చేది రిషివ్యాలీ మెట్ల పద్ధతి. మోడల్ ప్రైమరీ బడికి అది అవసరం లేదు. రెండు రకాల బడులు పెట్టి ఒకే రకం టీచరు శిక్షణ, ఒకే పాఠ్యపథకం ఇవ్వడం ఇప్పటి విధానంలో పెద్ద లోపం. జిల్లా శిక్షణ సంస్థ మైనంపాడులో, ఒంగోలు పక్కన ఉంది. నల్లమల అంచు బడుల సమస్యకు అది చాలా దూరం.

తేలినవి, తేలనివి

పద్ధతుల వాదం దాదాపు తేలింది. పలక వాదం పెద్దది కాదు. ఆట వాదం అంగన్‌వాడీ నాణ్యతతో ముడిపడింది, అక్కడ తేలాలి. భాష వాదం రాజకీయంగా తేలదు, తరగతి గదిలో మాత్రం సర్దుబాటుకు వీలుంది. టీచర్ల పంపకం వాదం ప్రభుత్వం మారినప్పుడల్లా మళ్లీ మొదటికొస్తోంది.

వీటన్నిటి కింద ఎవరూ తగినంతగా చర్చించనిది కాలం. విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు నిర్ణయించింది. ఆ లెక్క బడి తెరిచిన రోజులది, పిల్ల బడికి వచ్చిన రోజులది కాదు. మిరపకోతల కాలంలో గుంటూరు, పల్నాడు వైపు కూలికి, మిగతా నెలల్లో హైదరాబాదు, బెంగళూరు పనులకు కుటుంబం కదిలితే పిల్లా కదులుతుంది. జూన్‌లో అక్షరాలు, సంక్రాంతి తరువాత గుణింతాలు, ఒత్తులు అన్నది మామూలు పాఠ్యపథకం. వలస కుటుంబాల్లో ఎక్కువగా ఖాళీ అయ్యేవి సరిగ్గా సంక్రాంతి తరువాతి నెలలే. ఫెయిల్ చేయకూడదన్న నియమం పిల్లను బడిలో నిలిపింది, మంచిదే. అయితే జూన్‌లో ఆ పిల్ల గుణింతాలు లేకుండానే రెండో తరగతి వాచకం తెరుస్తుంది. సీజనల్ హాస్టళ్లు ఈ ఖాళీని కొంత పూడ్చే ప్రయత్నమే అయినా, ఆరేళ్ల పిల్లను తల్లి నుంచి విడదీసి హాస్టల్లో ఉంచమనడం ఎవరికీ ఇష్టం లేని సలహా.

మధ్యాహ్న భోజనం 2003 జనవరిలో రాష్ట్రమంతా మొదలయ్యాక చిన్నపిల్లల హాజరుకు ఆసరా దొరికింది. కానీ ఊరే ఖాళీ అయినప్పుడు వంటశాల ఏమీ చేయలేదు. 2021 జులై 5న మొదలైన నిపుణ్ భారత్ మూడో తరగతి ముగిసేలోగా పిల్లలందరూ అర్థం చేసుకుంటూ చదవాలని 2026-27ను గడువుగా పెట్టింది. తరగతిని బట్టి కాక, పిల్ల బడిలో ఉన్న నెలలను బట్టి పాఠ్యక్రమాన్ని మళ్లీ అమర్చుకునే అధికారం మండల స్థాయిలో టీచర్లకు ఇవ్వకపోతే, మార్కాపురం, గిద్దలూరు పరిసరాల్లోని వలస ఊళ్లకు ఆ గడువు వర్తించదు.